తుపాకీ ఇచ్చి గిన్నె పట్టుకెళ్ళండి

ఇక్కడ బర్మాలో, పబేడాన్ పేటలో బొమ్మల కొట్టు నడిపిన మా మావయ్య పోయాడు. నెట్ లేదు, ఫోన్లు కలవడం లేదు. కబురు చెప్పడానికి వాళ్ళ పక్కింటి బర్మా ఆవిడ తామ్వే పేటలోని మా ఇంటిదాకా నడిచొచ్చింది. పొద్దున టీ తాగుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడంది. పొయ్యి ఆర్పేసి ఆవిడ వెంట బయల్దేరాను. దహనానికి పదిమందిమి కూడా లేము. గుంపుగా కనబడితే ఏమవుతుందోనని జనం కిటికీల్లోంచే దండం పెట్టుకున్నారు.

ఆ కొట్టు ఒకప్పుడు ఎంత సందడిగా ఉండేదో! తింజన్, అదే నీళ్ళ పండుగ, వస్తోందంటే గుమ్మం ముందు నీళ్ళ తుపాకులు గుత్తులుగా వేలాడేవి. నన్నూ తన కూతుర్నీ మెట్టు మీద నిలబెట్టి దారినపోయేవాళ్ళ మీద నీళ్ళు కొట్టించేవాడు మావయ్య. "గురి సూసి కొట్టండే గుంటల్లారా! ఎంత దూరం పోతాదో ఆళ్ళకి తెలియాల!" అని అరిచేవాడు. తడిసినవాళ్ళు తిట్టబోయి, నవ్వేసి, బేరమాడి ఒకటి కొనుక్కుని పోయేవారు. మా ఇద్దరికీ కలిపి ఒకటే ఎర్ర తుపాకీ. ఓసారి మావయ్య కూతురి వంతు వచ్చినా నేను ఇవ్వనని పేచీ పెడితే, అది కోపంతో పిడిని కొరికేసింది. ఆ పంటిగాటు అలాగే ఉండిపోయింది.

సైన్యం గద్దెనెక్కిందని ఊరంతా రోడ్డెక్కిన ఆ నెలల్లో, ఊరేగింపులో నడిచేవాళ్ళకి మంచినీళ్ళు అందించడానికి మావయ్య కూతురు చిమిండైంగ్ పేటకి వెళ్ళింది. సీసా చేతిలో ఉండగానే గుండు తగిలి పోయింది. ఎవరు కాల్చారో ఎవరూ చెప్పలేదు. అడగడానికి మాకు ధైర్యం చాలలేదు.

చాన్నాళ్ళకి కొట్టు తెరిచి మావయ్య చేసిన మొదటి పని, వేలాడే తుపాకులన్నీ దింపడం. రంపపు బ్లేడు పట్టుకుని ఒక్కోదాని గొట్టం కోసి గోనెసంచిలో వేశాడు. మనాదితో మతి చలించిందనుకున్నాం అత్తా నేనూ. ఉండబట్టలేక అడిగాను కూడా, ప్లాస్టిక్ తుపాకీ ఎవర్ని చంపింది మావయ్యా అని.

"సంపదే. మడిసి మీద గురెట్టడం ఆటేనని నేర్పుతాది. మన పిల్లకి నేర్పింది నానే గదా. ఆ కాల్చినోడికీ సిన్నప్పుడు నాలాటోడే ఎవుడో అమ్ముంటాడు" అన్నాడు.



తర్వాత గుమ్మానికి బర్మా భాషలో ఒక అట్ట కట్టాడు: "తుపాకీ ఇచ్చి గిన్నె పట్టుకెళ్ళండి." చిన్న అల్యూమినియం గిన్నెలు. పూర్వం తింజన్‌కి పెద్దవాళ్ళు అలాంటి గిన్నెలో ఆకుల రెమ్మ ముంచి, ఎదుటివాళ్ళ భుజం మీద మెల్లగా చల్లేవారు. తడిపే ముందు మనిషి మొహం చూడాలి, అదీ మావయ్య మాట. బడి గేట్ల దగ్గర నిలబడి తల్లులకి ఇదే చెప్పేవాడు. మిగతా బొమ్మల కొట్లకి వెళ్ళి తుపాకులు అమ్మొద్దని బతిమాలేవాడు. కొందరు నవ్వారు, కొందరు అతన్ని చూడగానే తలుపు సగం మూసేవారు. పిల్లల్ని అలాగే పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు మాత్రం వచ్చి, గిన్నెలు పంచడానికి అతని పక్కన నిలబడ్డారు.

ఒకరోజు మఫ్టీలో ఇద్దరు వచ్చారు. ఎవర్ని ఉద్దేశించి రాశావని అడిగారు. "ఇది బొమ్మల కొట్టు బాబూ, బొమ్మల గురించే రాశాను" అన్నాడు. అట్ట చింపేసి పోయారు. మర్నాడు ఇంకోటి కట్టాడు. నేను భయపడి, ఇక చాలించమని గట్టిగా కేకలేశాను. "నీకు బయమైతే ఇటు రాకే. నానేటీ అనుకోను" అన్నాడు. నెల్లాళ్ళు నిజంగానే వెళ్ళలేదు. ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంకో సిగ్గు కూడా ఉంది. "మీ ఇద్దరి ఎర్రదేదే?" అని ఓసారి అడిగాడు. ఎప్పుడో పారేశానని చెప్పాను. అబద్ధం. అది నా బీరువాలో, చీరల కింద ఉంది. మావయ్య కూతురి గుర్తుగా నాకు మిగిలింది ఆ పంటిగాటు ఒక్కటే. కోయడానికి ఎలా ఇస్తాను?

మావయ్య పోయిన మూడో రోజున, ఆ తుపాకీ చేతిసంచిలో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. అత్త గిన్నెలు తుడుస్తోంది. తీసి బల్ల మీద పెట్టాను. అత్త లేచి, పై అరలోంచి కాగితం చుట్టిన గిన్నె ఒకటి దింపింది. కాగితం మీద మావయ్య వంకర రాతలో నా పేరు.

"అది దాసుకుంది, నాకు తెల్సు. అడక్కు. ఎప్పటికైనా తెత్తాది, తెచ్చినప్పుడిచ్చీ అన్నాడే మీ మావయ్య" అంది అత్త.

ఏడుపు ఆగలేదు. తేరుకున్నాక బ్లేడు అందుకున్నాను గాని చేయి సాగలేదు. అత్త నా చేతిలోంచి తీసుకుంది. తుపాకీని ఒడిలో పెట్టుకుని పిడి పట్టుకోగానే ఆమె బొటనవేలు ఆగిపోయింది. అక్కడే మళ్ళీ మళ్ళీ తడిమింది.

"ఇది దాని పన్ను గదే."

అవునన్నాను. అత్త కళ్ళు తుడుచుకోలేదు. గొట్టం మొదట్లో బ్లేడు ఆనించి కోయడం మొదలుపెట్టింది. ఎర్రటి పొడి ఆమె చీర మీద రాలుతూ ఉంది. గొట్టం తెగి నేల మీద పడింది. ఎడం చేతిలో పిడి అలాగే ఉంది. బొటనవేలు మాత్రం ఆ గాటు మీంచి కదల్లేదు.