నడిగడ్డకు ఎవ్వలు పోరు

మేడ్చల్ మార్కెట్లో పద్మమ్మతో బేరమాడి గెలిచినవాళ్లను నేను చూడలేదు. చేప తాజాదేనా అని అడిగితే చాలు, "నీ ముందర మల్ల ఈత కొట్టాల్నా?" అంటుంది. నోరు కత్తి. మాట మాత్రం ఒకటే. శామీర్‌పేట దారిలో ఉన్న వాళ్ల చెరువుకు చేపలవాళ్ల సంఘం ఒకటుంది. పదేళ్లుగా దానికి పెద్ద ఈమే.

ఆ చెరువు మధ్యలో ఆరెకరాల నడిగడ్డ ఉంది. సర్కారు భూమి. దాని చుట్టూ లోతు తక్కువ, గడ్డి ఎక్కువ. చేపలు గుడ్లు పెట్టేది అక్కడే. అందుకే ఆషాఢ శ్రావణాల్లో అటువైపు ఎవరూ పోకూడదు, వల వేయకూడదు. కాదని వేస్తే ఆ వలను సంఘం షెడ్డులో అందరి ముందూ కోసి దూలానికి వేలాడదీస్తారు. తాతల నాటి కట్టడి, కాగితం మీద ఎక్కడా లేదు.

పోయిన శ్రావణంలో ఒక అధికారి జీపు దిగి, "ఆ గడ్డ మీదికి ఎవరైనా వెళ్తారా అమ్మా?" అని అడిగాడు. దొంగ వలల సంగతి తేల్చడానికి వచ్చాడనుకుంది పద్మమ్మ. "ఎవ్వలు పోరు సార్. నేనుండంగ ఒక్కడు పోడు" అంది. ఆయన రాసుకున్న కాగితం మీద గర్వంగా సంతకం కూడా పెట్టింది.

మొన్న మాఘంలో ఆ షెడ్డులోనే విచారణ జరిగింది. నడిగడ్డను రిసార్టుకు లీజుకిస్తారట, అభ్యంతరాలుంటే చెప్పాలట. నేనూ వెళ్లి వెనక నిలబడ్డాను. అధికారి మొదట చదివింది పద్మమ్మ మాటే. 'సదరు భూమికి ఎవరూ వెళ్లరు, ఏ ఉపయోగమూ లేదు. సంఘం అధ్యక్షురాలు ధ్రువీకరించారు.'

ఆ నీళ్ల మీద నలభై ఇళ్లు బతుకుతాయి. ఆ నలభై ఇళ్ల వాళ్లూ ఆమె వైపు తిరిగారు. ఆమె మొహం చూడటానికి నాకే భయమేసింది.

"నేనన్నది గా రెండు నెలల సంగతి సార్. గుడ్లు పెట్టే కాలం. మిగిలిన పది నెలలు మా బతుకంత ఆడనే."

"ఆ కట్టడి ఎక్కడ రాసుంది?"

"రాసుడెందుకు? అగో, సూడుండ్రి." దూలానికి కోసిన వల ఒకటి వేలాడుతోంది. పదేళ్లలో కట్టడి తప్పినవాడు ఒక్కడే.

"ఎందుకు కోశారో వల చెప్పదు కదమ్మా" అన్నాడు అధికారి.

ఆ వల ఆమె మరిది లక్ష్మణ్‌ది. మూడు నెలలు కూర్చుని అల్లుకున్నాడు. రెండేళ్ల కింద ఆమే కోసింది. అప్పటినుంచి అతను ఆమె గడప తొక్కలేదు, నోరారా పలకరించలేదు. పైగా రిసార్టువాళ్లు గేటు దగ్గర నౌకరీ ఇస్తామన్నారు. ఇప్పుడు వాళ్ల మనుషుల పక్కనే కూర్చున్నాడు.

పద్మమ్మ అతని పేరెత్తలేదు. అతని వైపు చూడనైనా లేదు. నాకు ఒళ్లు మండింది. ఇంత మొండితనమా? ఒక్క మాట అడిగితే ఏం పోతుంది? అధికారి కలానికి మూత పెడుతున్నాడు.

లక్ష్మణ్ లేచాడు.

"గా వల నాది సార్." దూలం వైపు చెయ్యి చూపించాడు. "శ్రావణంల నడిగడ్డ కాడ ఏసిన. బిడ్డకు జరమొచ్చి పరేషాన్‌ల ఉండి ఏసిన. గా మాట జెప్పినా వదినె ఇనలే. అందరి ముంగట కోసింది."

"ఎవరైనా చూశారా?"

షెడ్డంతా చేతులు లేచాయి. అధికారి 'ఏ ఉపయోగమూ లేదు' అన్న మాట కొట్టేసి, మళ్లీ వచ్చి చూడాలని రాసుకున్నాడు. లీజు రద్దు కాలేదు, ఆ రోజుకు ఆగింది. రిసార్టు మనుషులు లక్ష్మణ్‌ను పలకరించకుండానే కారెక్కారు.

బయట పద్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని అతని ముందు నిలబడింది. "కొత్త వల నేనే అల్లిస్త."

"వచ్చే శ్రావణంల మల్ల ఆడనే ఏస్తే?"

"మల్ల కోస్త."

"కోస్తవని తెలుసు వదినె. గందుకే లేసిన."