చైను పడిన రోజుల పుస్తకం

నా చిన్నప్పుడు ఎడపల్లి నుంచి బోధన్ బడికి ఇద్దరం సైకిళ్ల మీద పోయేవాళ్లం, నేనూ మా పెద్దబాపు కొడుకూ. అన్నది కొత్త సైకిలు. నాది మా బాపు తొక్కి వదిలేసినది. బయటి ఊళ్ల పిల్లలు ఆలస్యంగా వస్తున్నారని, దసరా సెలవుల తర్వాత మా సారు ఒక పద్ధతి పెట్టారు. మాలో ఎవరు ముందు చేరితే పొద్దున మొదటి గంట వాళ్లు కొట్టాలి. మొదటి రోజు అన్న కొట్టాడు. ఆ తర్వాత కూడా రోజూ అన్నే.

ఆ రోజుల్లోనే నా సైకిలు చైను పడడం మొదలైంది. చెరుకు బండ్లు రోడ్డు దాటి దాటి గుంతలు పడిన చోట, సరిగ్గా అక్కడే. నేను రోడ్డు పక్కన కూర్చొని చైను ఎక్కిస్తుంటే అన్న వెనక్కి తిరిగి, "నువ్వు నిమ్మళంగ రారా. చేతులు కడుక్కొని రా, గంటకు మసి అంటుతది" అనేవాడు. ఆ మాట అన్నం తినేటప్పుడు కూడా నాకు వినిపించేది. చివరికి అతని చేతులు శుభ్రంగా ఉండడం కూడా ఓర్చుకోలేకపోయాను.

ఒక పాత నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఈరోజు చైను పడింది, అప్పటికే అన్న రైలు గేటు దాటాడు. ఈరోజు మళ్లీ పడింది, అన్న గంట కొట్టాడు. ఇట్లా పదహారు రోజులు. దాన్ని చూపించి బాపుతో అన్నలాంటి సైకిలు కొనిపించాలని నా ఆలోచన. ముందుగా పుస్తకాన్ని సైకిల్ షాపు ఉస్తాద్ దగ్గరకు తీసుకుపోయాను. నా సైకిలు ఇక పనికిరాదని ఆయన ఒక్క మాట అంటే బాపు కాదనడు.

ఉస్తాద్‌కు తెలుగు చదవడం రాదు. నన్నే చదవమని, చాయ్ తాగుతూ అన్ని పేజీలూ విన్నాడు.

"బేటా, పదహారు రోజులు మీ అన్న సైకిల్ గురించే రాసినవ్. నీ సైకిల్ ఏడున్నది ఇందుల?"

చైను పడినప్పుడు తొక్కుతున్నానా ఆపానా, ఏ పెడలు కిందుంది అని అడిగాడు. పేజీలు తిప్పి చూశాను, ఒక్కటీ రాయలేదు. అవి రాసుకొని వారం తర్వాత రమ్మన్నాడు. అన్న పేరు మాత్రం రాయొద్దన్నాడు. అదే కష్టమైంది. రెండుసార్లు రాసి కొట్టేశాను. కానీ వారం చివర చూసుకుంటే ప్రతిసారీ ఒకటే ఉంది. అన్నను అందుకోవాలని సీటు మీద నుంచి లేచి తొక్కుతూ గుంతలో ఎగిరినప్పుడు, అదీ కుడి పెడలు కిందికి వచ్చినప్పుడే పడుతోంది.

ఉస్తాద్ సైకిలును తలకిందులు చేసి పెడలు మెల్లగా తిప్పాడు. ముందున్న పళ్లచక్రం ఒకచోట లోపలికి వంగి ఉంది. ఆ చోటు రాగానే చైను పక్కకు జరుగుతోంది.

"దీన్ని ఎవరన్న తన్నిన్రా?" అన్నాడు, నా దిక్కు చూడకుండా.

అన్న మొదటిసారి గంట కొట్టిన సాయంత్రం తన్నింది నేనే. ఆ ముక్క పుస్తకంలో లేదు.

ఆయన సుత్తి అందుకున్నాడు. పళ్లచక్రాన్ని సరిచేసి, సాగిన చైనులోంచి రెండు కడీలు, అంటే లింకులు, తీసేశాడు. వెనక చక్రాన్ని వంకర లేకుండా వెనక్కి లాగి, రెండు నట్లూ నా చేతనే బిగింపించాడు. పెడలు ఒక చుట్టు తిప్పి, చైను అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట వేలితో నొక్కమన్నాడు. అక్కడ కూడా అర అంగుళం ఆడాలట.

చైను మళ్లీ పడలేదు. అయినా అన్నే ముందు చేరేవాడు, కొత్త సైకిలు కదా. అన్నకు జ్వరం వచ్చిన రోజు నేను గంట కొట్టాను. నేను అనుకున్నంత గట్టిగా మోగలేదు.

ఆ నోటు పుస్తకమే నా మొదటి డైరీ. ఉద్యోగం చేసినన్నాళ్లూ రాశాను, ఇప్పుడు నిజామాబాద్‌లో పదవీ విరమణ చేసి కూర్చున్నా రాస్తున్నాను. అసూయ పోలేదు. ఎవరికి నాకన్నా ముందు ప్రమోషను వచ్చిందో, ఎవరి ఇంటిపై రెండో అంతస్తు లేచిందో, అన్నీ ఆ డైరీల్లో ఉన్నాయి. కానీ ఒకే పేరు ఒకే పేజీలో మూడోసారి రాగానే కలం ఆపుతాను. కింద ఒక గీత గీసి, ఈరోజు నేను దేన్ని తన్నానో రాస్తాను.