ఎడమచేతి దీవెన

అమెరికాలో మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఎవరింటికి ఏం వచ్చిందో తెలియకపోతే నాకు అన్నం సయించదు. అందుకే ఎదురింటి పర్సిస్ శనివారం ఒక పాత పటం చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే వెనకే వెళ్లాను.

పర్సిస్‌ది బాపట్ల. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. ఎడమచేతి వాటం మనిషి. ఉల్లిపాయ తరిగినా, సంతకం పెట్టినా ఆ చెయ్యే. వడ్డన దగ్గర మాత్రం అత్తగారు రూతమ్మ పల్లెత్తు మాట అనకుండా వచ్చి, గరిటె ఎడమ చేతిలోంచి తీసి కుడి చేతిలో పెట్టి వెళ్తుంది. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు. కుడిచేత్తో పర్సిస్ పులుసు పోసిందంటే సగం కంచంలో, సగం మన ఒళ్లో.

పటం ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే గరాజ్ సేల్‌లో దొరికిందట. ఏ కాలం నాటిదో అచ్చుబొమ్మ. రంగుల్లేవు, అన్నీ సన్నటి గీతలే. మరియమ్మ ఒళ్లో బాలయేసు, పక్కన చిత్రిక పడుతూ యోసేపు, మూలన ఒక పిల్లి.

"రేపు ప్రేయర్ మీటింగ్ మనింట్లోనే కదత్తయ్యా, హాల్లో హ్యాంగ్ చేద్దాం" అంది పర్సిస్. ముఖం వెలిగిపోతోంది.

రూతమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ప్రభువు ఎడంచేత్తో దీవిస్తన్నాడేంటే? యోసేపుదీ ఎడంచెయ్యే. పదిమందీ వచ్చే చోట ఇదేం పటం? తిరిగిచ్చెయ్."

పర్సిస్ పటాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. ఆ బొమ్మ మీద ఆమె ఎందుకు మనసు పడిందో నాకు అప్పుడు అర్థమైంది.

నా చెయ్యి ఊరుకోదు కదా. పిల్లిని సరిగ్గా చూద్దామని పటాన్ని అద్దం దగ్గరి లైటు కిందికి తీసుకెళ్లాను. చూద్దునుగదా, అద్దంలో బాబు కుడిచేత్తో దీవిస్తున్నాడు.

"వదినగారూ, ఒక్కసారి ఇటు రండి" అని రూతమ్మను పిలిచాను.

పర్సిస్ భర్త జయరాజు నవ్వాడు. "రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అద్దుతారమ్మా. రబ్బరు స్టాంపులాగే, బొమ్మ తిరగబడుద్ది."

"అయితే చెక్కినోడి తప్పు కాదన్నమాట" అంది రూతమ్మ.

"ఏ చేత్తో దీవిస్తే ఏం వదినగారూ, దీవెన మారుతుందా?" అన్నాను.

"మా దేవుడి సంగతి మీరు చెప్పాలా?" అంది గానీ, కాసేపటికి తనే లేచింది. "మేకు ఎక్కడ కొడదాం?"

"మేకులు కొడితే అపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకోరత్తయ్యా. అంటించే హుక్ తెచ్చాను" అంది పర్సిస్.

ఆదివారం ప్రార్థన అయింది, అందరూ భోజనాలకు కూర్చున్నారు. పటం హాల్లో ఉంది. పర్సిస్ కుడిచేత్తో పులుసు గరిటె పట్టుకుని పాస్టరుగారి ముందుకొచ్చింది. రూతమ్మ ఎప్పటిలాగే లేచి వచ్చి, గరిటె కుడి చేతిలోంచి తీసి ఎడమ చేతిలో పెట్టింది.

"కానియ్. ఆయన చొక్కా తెల్లది."

ఒక్క చుక్క ఒలకలేదు. నేను రెండుసార్లు పోయించుకున్నాను.