వెనక్కి తిరిగి కొండెక్కిన కారు

తిరుచానూరులో నేను డ్రైవరుగా ఉన్న షావుకారు కోసం రెండు పాత కార్లు బేరానికి వచ్చాయి. కొండకు ఘాట్ రోడ్డు వేసిన కొత్త. మెట్లెక్కలేని తల్లిని కారులో పైకి తీసుకుపోవాలని ఆయన ఆశ. రెండూ తోలి చూసి, ఏది మంచిదో నన్నే చెప్పమన్నాడు.

ఆకుపచ్చది వయసులో చిన్నది. మీట నొక్కితే స్టార్టయ్యేది. రేణిగుంట రోడ్డు మీద హాయిగా పోయింది గానీ, చంద్రగిరి వైపు చిన్న మిట్ట ఎక్కేసరికే రేడియేటరు కుతకుత ఉడికింది. నల్లది ముసలిది. హ్యాండిలు తిప్పి తిప్పి భుజం పడిపోవాలి, స్టీరింగుతో కుస్తీ పట్టాలి. కానీ అదే మిట్టను గొణుక్కుంటూనే ఆగకుండా ఎక్కేసింది. నల్లదే కొనమన్నాను. బజారంతా నవ్వింది. ఆకుపచ్చదాన్ని రేణిగుంట ఆసామి ఒకాయన ఎగరేసుకుపోయాడు.

"అమ్మను నడిమధ్యలో దింపినావంటే నీకు ఈడ పనుండదప్పా" అన్నాడు షావుకారు.

నాకు రోషమెక్కువ. "అట్లే కానీండి సామీ" అన్నాను.

కొండ సగం ఎక్కాక, నిటారు మలుపులో నల్లది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. షావుకారు మొహం చూడలేకపోయాను. చక్రం కింద రాయి పెట్టి ఆలోచించాను. యుద్ధకాలం, పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్లు. ట్యాంకు అడుగున కాస్తే ఉంది. ఆ బండిలో ట్యాంకు సీటు కింద ఉంటుంది, పెట్రోలు తనంతట తానే ఇంజన్లోకి పారాలి. ముక్కు పైకెత్తితే ఎట్లా పారుతుంది? తప్పు బండిది కాదు, ముందే చూసుకోని నాది. ఇద్దరినీ దింపి, మలుపులో జాగా చూసి, బండి ముక్కు పల్లానికి తిప్పాను. ఇంజను అందుకుంది.

"రివర్సులో ఎక్కిస్తా, కూర్చోండి" అన్నాను.

"దేవునికి వీపు చూపిచ్చి పోతామా నాయనా?" అంది అవ్వ.

దానికి జవాబు కూడా ఆమె దగ్గరే ఉంది. బండి గుడ్డ టాపు మడిపించి, వెనక సీటు మీద మోకాళ్లు వేసి, కొండకేసి తిరిగి కూర్చుంది. "ఇంగ పోనీ" అంది.

మెడ వెనక్కి తిప్పి తోలాను. రెండు మలుపుల పైన ఆకుపచ్చది పొగలు కక్కుతూ నిలబడి ఉంది. దాని డ్రైవరు నీళ్లు పోస్తూ, "ఎక్కతా ఉండారా, దిగతా ఉండారా అప్పా?" అన్నాడు.

"పైన కనపడతాంలే" అన్నాను, ఆపకుండానే.

దర్శనమయ్యాక బండిని తిప్పే పనే లేదు, ముక్కు పల్లానికే ఉంది. అవ్వ మళ్లీ అట్లాగే కొండకేసి మోకాళ్లేసుకుంది.

"పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సామి మింద నుంచి కన్ను తిప్పనీలేదప్పా నువ్వు" అంది.

ఎక్కేటప్పుడు వెనక అమ్మ పక్కన ఉన్న షావుకారు, ఈసారి ముందు సీట్లో, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఎన్నో కొత్త బండ్లు తోలాను. మంచి డ్రైవర్నని చెప్పుకోవాల్సి వస్తే మాత్రం, మూడు రోజులు వదలని ఆ మెడనొప్పి గురించే చెబుతాను.