సైకిలు ట్యూబుతో తిరుత్తణి మెట్లకు

ఉదయం ఐదు నలభైకి పొన్నేరిలో తిరువళ్ళూరు బస్సెక్కాం. నేను, మా అక్క కూతురు రాజేశ్వరి. నేను బడిలో డ్రిల్లు మాస్టరును. రాజేశ్వరి నూరు మీటర్లు పరుగెత్తుతుంది. ఆదివారం మద్రాసులో ఆటల కోటా ఉద్యోగానికి ఎంపిక పరుగు ఉంది. వయసు హద్దు దగ్గరపడింది గనక ఆమెకిదే ఆఖరి అవకాశం. అందరూ తిరుత్తణికి మొక్కు తీర్చుకోవడానికి పోతారు, మేము మెట్లెక్కడానికి పోయాం.

దీనికంతటికీ మూలం మా ఊళ్ళోని ఓడ పనివాడొకాయన. జపానులో కొందరు తొడల పైభాగాన పట్టీలు కట్టుకుని తేలిక బరువులతో సాధన చేయడం చూసి వచ్చాడు. కాళ్ళలోంచి రక్తం తిరిగి పోవడాన్ని కాస్త నెమ్మది చేస్తే చిన్న పనికే కండ పెద్ద పని చేసినట్టు అలిసిపోయి బలపడుతుందట. మోకాళ్ళు అరగకుండా వేగం వస్తుందంటే ఏ డ్రిల్లు మాస్టరు వద్దంటాడు? ఎంత బిగించాలని మాత్రం నేనడగలేదు. పాత సైకిలు ట్యూబును రెండు పట్టీలుగా కోసి రాజేశ్వరికిచ్చి, గట్టిగా కట్టుకోమన్నాను. తలుపు వేసుకుని చేసుకునే పని గనక ఎంత గట్టిగా కట్టిందో ఏనాడూ చూడలేదు. మూడు వారాలు ఇంటి దగ్గర కట్టుకుని నడిచింది. తిమ్మిరెక్కుతోందని ఒకటి రెండుసార్లు అంటే, ఎక్కాల్సిందేనని గద్దించాను.

ఏడున్నరకు తిరువళ్ళూరు. స్టేషనెదుట ఇడ్లీలు వేడిగా ఉన్నాయి, సాంబారు పలచన. ఎనిమిదీ ఇరవైకి రావలసిన ప్యాసింజరు తొమ్మిది దాటాక వచ్చింది. ఎదుటి బల్ల మీద లుంగీల మూటతో కూర్చున్న నేతగాడు పలకరించాడు.

"ఏం మొక్కయ్యా మీకు?"

"పరుగులో గెలవాలని" అన్నాను.

"పరిగెత్తే దానికి కాళ్ళుండాల గదా, మొక్కెందుకు?" అని మూట మీద తల వాల్చి నిద్రపోయాడు.

పదిన్నరకు తిరుత్తణి. సత్రంలో గది సులువుగానే దొరికింది, నీళ్ళు మాత్రం బావి నుంచి తోడుకోవాలి. మెట్లు మూడువందల అరవై ఐదు, రోజుకొకటి చొప్పున ఏడాది లెక్క. ఎనిమిదిలోపే మొదలుపెట్టడం మేలు. రైలు ఆలస్యమైందని తెలిసీ ఆ పూట సాధన పోగొట్టుకోవడం ఇష్టంలేక పదకొండున్నరకు మొదలుపెట్టించింది నా మొండితనమే. రాజేశ్వరి లంగా కింద ట్యూబులు కట్టుకుని వచ్చింది.

సగం దాటాక నీడ లేదు. రాతిమెట్లు పెనంలా కాలుతున్నాయి. ఎక్కేవాళ్ళంతా తుండుగుడ్డలు పరిచి వాటి మీద గెంతుతున్నారు, నేనూ గెంతుతున్నాను. రాజేశ్వరి మాత్రం నాకంటే పది మెట్లు పైన, ఎర్రటి ఎండలో కదలకుండా నిలబడి నాకోసం చూస్తోంది. సాధన అంటే ఇదీ అనుకుని పొంగిపోయాను.

పక్క మండపంలో ఎముకలు విరిగినవాళ్ళకు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టే అవ్వ ఒకామె కూర్చునుంది. ఆమె లేచి వచ్చింది.

"ఏమ్మా, కాళ్ళు కాల్తా లేదా నీకు?"

రాజేశ్వరి కిందికి చూసుకుంది. "లేదవ్వా. తెలీలేదు."

అవ్వ ఆమెను చేయిపట్టుకుని స్తంభం చాటుకు తీసుకెళ్ళింది. కాసేపటికి రెండు ట్యూబులు పట్టుకుని వచ్చింది. ఒకదాని ముడి ఊడిరాక కత్తితో కోసిందట.

"యాడ కరిసింది పాము?" అని నన్నడిగింది.

"పామెక్కడిదవ్వా?"

"మరి ఇది పాముకట్టు ముడి గదయ్యా!"

"గట్టిగా కట్టమన్నాడు మామ" అంది రాజేశ్వరి. "గట్టిముడంటే మా తాత నేర్పింది ఇదొకటే నాకు తెలుసు."

వరిమళ్ళ ఊళ్ళలో పిల్లలందరికీ నేర్పే ముడి అది. విషం పైకెక్కకుండా ఉన్న బలమంతా పెట్టి బిగిస్తారు. నాకూ నేర్పారు. అయినా నాకు తోచలేదు.

అవ్వ రాజేశ్వరి కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలింది. తెల్లబడ్డ గోరు చాలాసేపటికి గాని ఎరుపెక్కలేదు. "కట్టు కింద రెండు వేళ్ళు దూరాల. నొక్కి వదిలితే ఎరుపు ఎంటనే రావాల. వచ్చే రగతాన్నే ఆపేస్తే అది కట్టు గాదయ్యా, ఉరి."

అంతలో కాళ్ళకు స్పర్శ వచ్చింది. రాజేశ్వరి కేక పెట్టింది. అరికాళ్ళు రెండూ బొబ్బలు.

"ఆదివారం పరిగెత్తాల అవ్వా" అంది ఏడుస్తూ.

"పది దినాలు నడిచేదే వద్దు తల్లీ."

సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను. ఇద్దరు భక్తులు చేతులు కలిపి, వాటి మీద కూర్చోబెట్టుకుని కిందికి దింపారు.

నాలుగూ పదికి తిరుగు రైలు. తడిగుడ్డ చుట్టిన కాళ్ళను రాజేశ్వరి ఎదుటి బల్ల మీద చాపుకుంది. అరక్కోణం దాటాక అడిగింది.

"మామా, నువ్వెప్పుడన్నా కట్టుకుని చూసినావా?"

"లేదు."

తిరుత్తణికి పోదలచినవారికి చెప్పవలసింది ఇంతే: మెట్లు మంచివి, పొద్దున్నే ఎక్కండి. పట్టీ కట్టించే ముందు అది మీ కాలికి కట్టుకుని చూడండి.

తిరువాలంగాడు దాటాక సంచిలోంచి అవ్వ కోయకుండా విప్పిన ట్యూబు తీసి ఆమెకిచ్చాను. "నువ్వు కట్టుకున్నట్టే కట్టు" అన్నాను. నా తొడకు పంచె పై నుంచి బిగించి కట్టింది. మొదట పోటు, తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత ఏమీ లేదు. తిరువళ్ళూరులో ఆమెను దింపడానికి లేచి నిలబడితే నా కాలు నేల మీద ఉందో లేదో తెలియలేదు. తలుపు కమ్మీ పట్టుకుని ఆగాను.

"నొప్పుండాదా మామా?"

"లేదే" అన్నాను.

"నాకూ అట్లనే లేకుండె" అంది.