బావ లింకు పెడితే వచ్చిన నంబరు

పలాసలో మా వీధి వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ని నేనే. కుళాయి నీళ్లు, కరెంటు కోత, తప్పిపోయిన పిల్లి, అన్నీ అందులోనే. ఒకరోజు కొత్త నంబరు చేరింది. ఫొటో ఉండాల్సిన చోట జీడిమామిడి పండు బొమ్మ, పేరు లేదు. ఎవరండీ మీరు అంటే "మా బావ లింకు పెడితే వచ్చాను" అని ఒకే ఒక్క జవాబు. మా వైపు ఎవరిని పిలిచినా బావే కదా! ప్రతివాడూ పక్కవాడి తాలూకు అనుకుని ఊరుకున్నాడు. నేను ఊరుకోలేదు.

ఎందుకంటే ఆ మనిషి ఆ తర్వాత మాట రాయలేదు. జిఫ్‌లు, అంటే ఆ కదిలే బొమ్మలు పెట్టేవాడు, అదీ నా మెసేజ్‌ల కిందే. "చెత్త రోడ్డు మీద పారేయడం సంస్కారమా?" అని పెట్టానో లేదో, కోతి ఒకటి చప్పట్లు కొడుతూ ప్రత్యక్షం. నీళ్ల మోటారు గురించి పెద్ద ఉపన్యాసం రాస్తే, సినిమా కమెడియన్ ఒకడు ఆవులించి కుర్చీలోంచి పడిపోయాడు. వీధంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయేది. నేను రాసేది ముందే తెలిసినట్టు ఆ టైమింగ్ ఏమిటి?

అనుమానం ఎదురింటి బావ మీదికి పోయింది. బంధువేం కాదు, టెక్కలిలో కాలేజీ రోజుల నుంచి స్నేహితుడు. ఎప్పుడు చూసినా మా కిటికీకి ఎదురుగా అరుగు మీద ఫోను పట్టుకుని ఉంటాడు. అడిగితే "నాకేటి పనిలేదేటి బావా?" అని నవ్వాడు. ఆ నవ్వుతో రూఢి అయిపోయింది. దొంగ నంబరు తీసేస్తే ఇంకోటి తెచ్చుకుంటాడు, అసలు మనిషికే బుద్ధి చెప్పాలని వాణ్నే గ్రూపులోంచి తీసేశాను.

మర్నాటి నుంచి వాడు అరుగు మీదికి రాలేదు. టీకి పిలవలేదు. ఎదురుపడితే తల తిప్పుకున్నాడు. ఇన్నేళ్ల స్నేహం పోయినట్టే అనిపించింది. అయినా తప్పు వాడిది కదా!

గ్రూపులో సంజాయిషీ రాద్దామని కూర్చున్నాను. టైపు చేస్తూ పైకి చదవడం నా అలవాటు. "కొందరిని... తొలగించక... తప్పలేదు..." ఇంకా పంపనే లేదు, ఆ నంబరు నుంచి జిఫ్ వచ్చిపడింది. ఒక ముసలమ్మ నెత్తి కొట్టుకుంటోంది.

పంపని మాట ఎవరు విన్నట్టు? వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ గబుక్కున పాత ఫోను కొంగు కింద దాచింది. అందులో కొత్త సిమ్ము వేసిందన్నమాట. ఆమె మా మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ నన్ను బావ అనే పిలుస్తుంది. గ్రూపు లింకు స్టేటస్‌లో పెట్టింది నేనే.

"నలుగురిలో నన్నెందుకు నవ్వులపాలు సేత్తన్నావే?" అని అరిచాను.

"ఇంట్లో నానేటన్నా ఊఁ అంటావు, తలెత్తవు. అక్కడైతే వీధంతా నవ్వతంది బావా," అంది. "ముందు ఎదురింటికెల్లి సెప్పు. పాపం, ఆయనేటి సేసినాడు?"

వెళ్లి చెప్పాను. వాడు ముందు మొహం ముడుచుకునే విన్నాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, టీ పెట్టమని లోపలికి కేకేశాడు.

"మా సెల్లెమ్మ ఇంత సరదా మనిషని ఇన్నాళ్లూ ఒక్క ముక్కైనా సెప్పలేదేటి బావా?" అన్నాడు.

నాకు తెలిస్తే కదా చెప్పడానికి.