చింతపండుతో తోమిన పట్టుకారు

దక్షిణాఫ్రికాలోని డార్నల్ ఊళ్ళో, పుష్పం ఇంట్లో, వంటింటి గుమ్మానికి కుడిపక్క గోడమీద అరచేతి మచ్చ ఒకటి నల్లగా జిడ్డు పట్టి ఉండేది. పెద్దకూతురు వల్లీ చెయ్యి అది. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకున్న నాటినుంచి పొయ్యి దగ్గరికి వెళ్ళే ప్రతిసారీ ఆ పిల్ల అక్కడ చెయ్యి ఆన్చి, వంగి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ నడిచేది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తిరిగి తిరిగి వెళ్ళింది. గ్యాస్ అన్నారు, లోపల కుట్లు సర్దుకుంటున్నాయన్నారు, చివరికి మనసు బాగోలేదన్నారు.

దేశంలో అందరూ కలిసి మొదటిసారి ఓటు వేసిన రోజున వల్లీ కూడా వరసలో నిలబడి, నిలబడలేక గడ్డిలో కూలబడింది. వెనకనున్న జులూ ముసలమ్మ ఆమెని లేవదీసి, ముందున్న వాళ్ళందరినీ ఒప్పించి లోపలికి పంపింది. ఆ చలికాలంలోనే, చెరుకు నరికే రోజుల్లో వల్లీ పోయింది.

ఎందుకు పోయిందో కోసి చూద్దామా అని ఊరి డాక్టరు అడిగాడు.

"ఇంకా కోస్తారా బాబూ?" అంది పుష్పం. ఆయన మళ్ళీ అడగలేదు.

దహనం అయిన మర్నాడు పుష్పం, చిన్నకూతురు కెరిషా, కర్మ చేయిస్తున్న కిష్టసామి, పుష్పానికి అన్నగారు, అస్థులు ఏరడానికి వెళ్ళారు. కిష్టసామి పుల్లతో బూడిద కదుపుతుంటే టంగుమంది. జానెడు ఇనప వస్తువు. కత్తెరకున్నట్టే వేళ్ళు దూర్చే ఉంగరాలున్నాయి గాని, కోసే అంచు లేదు. కొస మన పట్టుకారులా ఉంది. ఒళ్ళంతా మసి. ఒక ఉంగరంలో ఎముక ముక్క ఇరుక్కుని ఉంది.

"పాడె మేకేమో," అన్నాడు కిష్టసామి.

"వేళ్ళు పెట్టుకునే మేకు ఎక్కడైనా చూశావా మావా?" అంది కెరిషా.

పుష్పం ఎముక ముక్కని మెల్లగా విడదీసి, మిగతావాటితో పాటు పాలతో కడిగి కుండలో వేసింది. ఇనప వస్తువుని కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది. పిల్ల కడుపులో ఉన్నది పిల్లతోనే పోవాలి, కాని మసితో పోకూడదు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని, దీపపు కుందులు తోమినట్టు చింతపండూ బూడిదా వేసి తళతళలాడేదాకా తోమింది. పసుపు రాసి అదీ కుండలో పెట్టింది. అస్థుల కుండ ఇంట్లోకి తేకూడదు కనక, మూతికి గుడ్డ కట్టి పెరట్లో మామిడిచెట్టుకి వేలాడదీశారు.

జింక్వాజీ తీరాన సముద్రంలో కలపాల్సిన రోజు కెరిషా అడ్డం పడింది. "కడుపులో ఇనుము పెట్టి కుట్టేసినవాళ్ళని ఒక్క మాటా అడక్కుండా అక్కని పంపేస్తామా?"

కుండ చెట్టుకే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న టీ నీళ్ళు మరుగుతుంటే, గుమ్మం దగ్గర ఎవరో ఊపిరి బిగబట్టిన చప్పుడు వినిపించింది. పుష్పం వెనక్కి తిరగలేదు. మంట తగ్గించి, ఆ ఊపిరి వదిలేదాకా ఆగింది. ఆ తర్వాత రోజూ అంతే.

వెరులం పట్నంలో బట్టలకొట్టు మీద లాయర్ ఆషెన్ ఆఫీసు. కుర్రవాడు, ఓపికగలవాడు. విడమరిచి చెప్పాడు.

"పుష్పం ఆంటీ, మనిషి పోయినంత మాత్రాన డాక్టరుది తప్పని కోర్టు అనదు. జాగ్రత్తగల మరో డాక్టరైతే అలా చెయ్యడని చూపాలి. ఆ తప్పువల్లే పోయిందని చూపాలి. వల్లీ సంపాదన మీద బతికిన తల్లిగా మీరు పరిహారం అడగొచ్చు. ఆమె పడ్డ నొప్పికి మాత్రం అడగలేం. ఆ నొప్పి ఆమెతోనే పోయిందంటుంది చట్టం."

"పోనేదు బాబూ," అంది పుష్పం. "మా వంటింటి గుమ్మం కాడే ఉంది."

ఆషెన్ తల వంచుకుని, వాళ్ళు కుండలోంచి తీసి తెచ్చిన ఇనప వస్తువుని గుడ్డలోంచి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మెరుస్తోందేమిటి ఆంటీ?"

"చింతపండుతో తోమాను."

అతను దాన్ని మళ్ళీ గుడ్డమీద పెట్టేశాడు.

"మా అమ్మ అంతే," అంది కెరిషా. "చేతికి దొరికితే జడ్జీని కూడా తోమేస్తుంది."

అతను నవ్వలేదు. "చితిలో దొరికిందంటారు, చూస్తే కొత్తదానిలా ఉంది, ఎక్కణ్ణించో తెచ్చి పెట్టారంటారు అవతలివాళ్ళు. దీనికి అంటుకుని ఇంకేమైనా ఉందా?"

ఎముక ముక్క సంగతి కెరిషా చెప్పింది. దానిమీద ఇనుము మరక ఉంటే, రెండూ కలిసి కాలాయని నిపుణులు చెప్పగలరన్నాడు ఆషెన్. కాని కేసు తేలేదాకా ఆ ముక్క తన దగ్గరే ఉండాలి. ఏళ్ళు పట్టొచ్చు.

కిష్టసామి మండిపడ్డాడు. "సగం పిల్లని పంపితే మిగతా సగం తిరుగుతాది సెల్లీ."

"ఇప్పుడు మాత్రం కూకుందేటి అన్నియ్యా?"

పుష్పం చెట్టుకింద కూర్చుని కుండ విప్పింది. ఉంగరం ఆనవాలున్న ముక్క వెంటనే దొరికింది. వంకీలా ఎర్రటి మరక. తెల్లగుడ్డలో చుట్టి కెరిషాకి ఇచ్చింది. మిగతా అస్థులు జింక్వాజీలో కలిపారు.

కిష్టసామి అన్నట్టే అయింది. గుమ్మం దగ్గర ఊపిరి ఆగలేదు. పుష్పం మాత్రం శుక్రవారం వచ్చేసరికి టాక్సీ ఎక్కి వెరులం వెళ్ళి, ఆషెన్ ఆఫీసులో ఆ ముక్క దాచిన ఇనప బీరువాకి ఎదురుగా కాసేపు కూర్చుని వచ్చేది. ఎందుకొచ్చావని ఎవరూ అడిగేవారు కారు. టైపు చేసే డేజీ టీ ఇచ్చి తన పని చూసుకునేది.

చివరికి విచారణ మొదలుకాకముందే ఆసుపత్రి తరఫువాళ్ళు తప్పు ఒప్పుకున్నారు. ఆషెన్ ఆ మాట చదివి వినిపిస్తే పుష్పం మళ్ళీ చదవమంది. మూడోసారి కూడా చదివించుకుంది. వల్లీ అబద్ధమాడలేదని అందులో ఎక్కడా లేదు. అయినా ఆమెకి అదే వినిపించింది.

"ఈ పట్టుకారు మీరు తీసుకెళ్తారా ఆంటీ?"

"వాళ్ళ సామాను వాళ్ళకే ఇచ్చీ బాబూ. లెక్క తగ్గిందని ఇన్నాళ్ళూ ఒక్కడైనా వెతికాడేటి?"

ఎముక ముక్కని సముద్రంలో వదిలారు. ఒక అల దాన్ని వెనక్కి తెచ్చింది, తర్వాతిది తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్న టీ నీళ్ళు మరిగాయి. పుష్పం అలవాటుగా మంట తగ్గించి ఆగింది. గుమ్మం దగ్గర ఏ చప్పుడూ లేదు. నీళ్ళు సగానికి ఇగిరిపోయేదాకా అలాగే నిలబడింది. అప్పుడు మొదటిసారి వెనక్కి తిరిగి, గోడ దగ్గరికి వెళ్ళి, ఆ మచ్చమీద తన అరచెయ్యి ఆన్చింది. ఇల్లంతా తోమే మనిషి, ఆ ఒక్క గోడనీ ఎప్పుడూ కడగలేదు.